మా ఇల్లు చల్లబడిన వారం

ఏంటమ్మా, శుక్రుడి మీద మళ్ళీ ఏదో కనిపెట్టారా? చదువు, చదువు, వింటూనే ఉన్నాను. ఈ ఫోన్లు వచ్చాక ఆకాశంలో రోజుకొకటి దొరుకుతూనే ఉంది, ఇంట్లో పోయిన కళ్ళజోడు మాత్రం దొరకదు. శుక్రుడా? నాకు ఆ పేరు చెవిన పడితే చాలు, ముక్కుకి మాడిన పాలవాసన తగులుతుంది. నవ్వకే తల్లీ, నిజం. నువ్వప్పటికి ఇంకా మీ అమ్మ కడుపులో ఉన్నావు, నీకేం తెలుస్తుంది. మా బావగారు, అంటే మీ తాతయ్యకి అన్నయ్య, నీకు నడక రాకముందే వెళ్ళిపోయారు. ఉండుంటే నీకూ ఆయనకీ బాగా పడేది. ఇద్దరూ ఫోన్లో తల దూర్చి కూర్చునే బాపతే.

మంగళవారం. పొద్దున పదిన్నర. అంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, పదిన్నరకి మీ నాన్నకి ఆఫీసు మీటింగు. ఆఫీసంటే ఎక్కడిది, కరోనా రోజులు కదా, ఆఫీసే మా పడగ్గదిలోకి వచ్చి తిష్ఠ వేసింది. మీ నాన్నకి పైన చొక్కా, టై. కింద నిక్కరు. మీటింగు అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు, లేస్తే పరువు పోతుంది. అందుకని పదిన్నరయ్యేసరికి ఇల్లంతా గుసగుసల్లో మాట్లాడుకోవాలని రూలు. ఆ రూలు బావగారికి వర్తించదు. ఆయన హాల్లో కిటికీ పక్కన కూర్చుని, ఫోను ముక్కుకి ఆనించుకుని, వార్తలు పైకి చదువుతారు. లోలోపల చదువుకోవడం ఆయనకి చేతకాదు. ఆయనకి తెలిసింది ఇంటందరికీ తెలిసిపోవాలి, అప్పుడే. ‘విన్నారా! శుక్రగ్రహం మబ్బుల్లో ఏదో వాయువు ఉన్నట్టుందట. కుళ్ళిన చేపల కంపు కొట్టే వాయువట అది. ఇక్కడ భూమ్మీద కూర్చుని, కోట్ల మైళ్ళ అవతలున్న కంపుని పసిగట్టారు చూడండి. మనిషంటే అదీ!’ అంటున్నారు. ఆ వాయువు ఉందో లేదో తేలక తర్వాత వాళ్ళలో వాళ్ళే వాదులాడుకున్నారట, అది వేరే సంగతి. ఆయన ఆ మాట అంటూండగానే వంటింట్లోంచి పొగ. నేను దేవుడి ముందు కూర్చున్నదాన్ని, సగంలో లేచి పరిగెత్తాను. పాలు పొంగి, ఇంకి, మాడి, గిన్నె అడుగు బొగ్గయిపోయింది. పొయ్యికి వీపు పెట్టి, జానెడు దూరంలో అక్క నిలబడి కూర తరుగుతోంది. అక్కంటే బావగారి భార్య, నా తోడికోడలు. ‘అక్కా, పాలు!’ అన్నాను. తిరిగి చూసింది. గిన్నెని చూసింది, నన్ను చూసింది. ‘అయ్యో, వాసనే రాలేదే’ అంది. హాల్లోంచి బావగారు, ‘ఏవిటా కంపు? శుక్రుడు దిగొచ్చాడా?’ అని, ఆయన జోకుకి ఆయనే నవ్వుకున్నారు.

అప్పటికి అక్క ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఎందుకు తెలీదంటే, మా ఇంట్లో పరికరం ఉంది.

ఉండు, వరసలో చెప్తాను, లేకపోతే ఏ ఇంట్లోనైనా ఇలా జరుగుతుందా అంటావు. బావగారిది కాటాలు బాగుచేసే పని. వీధి మొదట్లో చిన్న కొట్టు. పళ్ళబండి వాళ్ళు, కిరాణా కొట్ల వాళ్ళు, పాత ఇనుము కొనేవాళ్ళు, నగలు చేసేవాళ్ళు, ఎవరి కాటా అయినా ఆయన చేతిలో పడాల్సిందే. అందరూ ఆయన్ని కాటాగారు అనేవాళ్ళు. మీ అత్తయ్య పెళ్ళి శుభలేఖల్లో కూడా ఎవరో అలాగే రాయబోయారు. ఆయన దగ్గర మూతున్న చెక్కపెట్టెలో, మెత్తటి గుడ్డలో చుట్టి, ఇత్తడి తూకపురాయి ఒకటుండేది. దాన్ని అసలు రాయి అనేవారు. ఏ కాటా వచ్చినా ముందు ఆ రాయి పెట్టి చూడాలి. అది ఎంత తూగాలో అంత చూపించేలా కాటాని సరిచెయ్యాలి. మిగతాదంతా దాని తర్వాతే. ఆ రాయిని ఉత్త చేత్తో ముట్టుకోనిచ్చేవారు కాదు. చేతి చెమట అంటినా బరువు మారిపోతుందట. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో, మెరుస్తోంది కదా అని ఓసారి చేత్తో తీశాను. తమ్ముడి భార్యనని ఏమీ అనలేదు పాపం, గుడ్డ తీసుకుని తుడుస్తూ కూర్చున్నారు, తుడిచి తుడిచి, సాయంత్రం దాకా. తిట్టినా బాగుండేది.

ఆయనకున్న పిచ్చులు రెండే, ఒకటి తూకం, ఇంకోటి వార్త. కరోనా వచ్చి కొట్టు మూసేశారు. తూచడానికి ఏమీ లేదు. ఇక వార్తే దిక్కయింది. ఆ యేడు మనుషులు గడప దాటలేక చస్తుంటే, శాస్త్రవేత్తలు మాత్రం వంచిన తల ఎత్తకుండా కనిపెడుతూనే ఉన్నారు. ఎక్కడో బుల్లి గ్రహం లోపల ఉప్పునీళ్ళున్నాయని ఆయన చదివిన రోజు మా కుళాయిలో నీళ్ళు రాలేదు. జన్యువుల్ని కత్తిరించే కత్తెరతో రక్తపు జబ్బులు నయం చేస్తున్నారని చదివినప్పుడు, కటింగు షాపులు తెరవక మా ఇంట్లో మగవాళ్ళు ముగ్గురూ ఎలుగుబంట్లలా ఉన్నారు. మీ తాతయ్య ఊరుకునే రకం కాదు కదా, ‘అన్నయ్యా, ఆ కత్తెర మనకో రెండ్రోజులు ఇస్తారేమో కనుక్కో’ అన్నారు. బావగారికి ఇలాంటివి తలకెక్కవు. ‘అది కంటికి కనపడనంత చిన్నదిరా’ అని వివరంగా చెప్పారు. ఆ రోజుల్లో పొద్దున్నే పేపరొస్తే ఇస్త్రీ పెట్టి కాల్చి మరీ చదివేవారు. అరటిపళ్ళకి సబ్బు రాసి స్నానం. పాలప్యాకెట్టుకి స్నానం. గుమ్మం దగ్గర సుద్దముక్కతో గీత గీశారు, బయటిమనిషి ఆ గీత అవతలే. ఇంట్లో కూడా మనిషికీ మనిషికీ రెండు బారల దూరం. మీ అమ్మకి నెలలు నిండుతున్నాయని ఆయనకి లోపల దిగులు. పైకి చెప్పడం రాదు, ఇలా గీతలు గీసేవారు.

అప్పుడు కొన్నారు ఆ తుపాకీని. నుదుటికి గురిపెట్టి నొక్కితే జ్వరం ఎంతుందో చెప్తుంది చూడు, అది. మందుల షాపాయన ఇచ్చాడు, ‘ఇంతకంటే మంచిది లేదండీ కాటాగారూ’ అని. ఇంటికి తెచ్చి చూస్తే బావగారి జ్వరం తొంభై ఏడు. అదే షాపులో వాళ్ళ తుపాకీతో చూస్తే తొంభై ఎనిమిది. ఆయనకి నిద్ర పట్టలేదు. మందుల షాపాయనతో ఫోన్లో ఒకటే వాదన. ‘నా తల ఒక్కటేనండీ, రెండు లెక్కలెలా వస్తాయి?’ అని ఈయన. ‘ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది లెండి, సర్దుకుపోవాలి’ అని ఆయన. సర్దుకుపోవాలి అనే మాట బావగారితో ఎవరైనా అనొచ్చా! ఆ పరికరాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, ఏదో మీట నొక్కిపట్టి, మొత్తానికి కనిపెట్టేశారు. ‘ఒరే తమ్ముడూ, దీన్ని కూడా కాటాలాగే సరిచెయ్యొచ్చురా! అంకె పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కాకపోతే అసలు రాయి ఒకటి కావాలి.’ జ్వరానికి అసలు రాయి ఎక్కడ దొరుకుతుంది? మా అత్తగారు మంచం మీంచి, ‘నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే తెలీదుట్రా? నిన్ను అలాగే పెంచాను’ అన్నారు. ‘అమ్మా, చెయ్యి పరికరం కాదు. నీ చెయ్యి ఒక మాట చెప్తుంది, నా చెయ్యి ఇంకో మాట చెప్తుంది’ అని ఆవిడ నోరు మూయించి, ఇంటందర్నీ హాల్లో నిలబెట్టారు. ‘ఈ ఇంట్లో ఎప్పుడూ మారని మనిషి ఎవరు?’

అత్తగారు పెద్దావిడ, ఒళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. మీ తాతయ్యకి బీపీ. నాకు ఏడాది పొడుగునా జలుబు. మీ అమ్మ కడుపుతో ఉంది. మీ నాన్న కాఫీ తాగితే ఒకలా, మీటింగయ్యాక ఒకలా ఉంటాడు. ఇంకెవరు, అక్కే. అందరం ఒకేసారి ఆవిడ వైపు తిరిగాం. అక్కకి జ్వరమొచ్చిందని ఎవరూ ఎప్పుడూ వినలేదు. తలనొప్పి కూడా ఎరగదు. ఇంట్లో ఎవరు మంచాన పడ్డా లేపి కూర్చోబెట్టేది ఆవిడే, ఆవిడ పగటిపూట నడుం వాల్చగా చూసినవాళ్ళు లేరు. ‘నేనా?’ అని నవ్వింది. ‘సరే, రాయినేగా. నిలబడమన్న చోట నిలబడతాను.’ ఆ రోజు నుంచీ అదే వరస. అక్క పొయ్యి వెలిగించకముందే వచ్చి కిటికీ దగ్గర నిలబడాలి, పొయ్యి సెగ తగిలితే లెక్క మారుతుందట. బావగారు మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారుగా చాచి, ఒంటికి తగలకుండా నుదుటికి గురిపెట్టి, తొంభై ఎనిమిది పాయింటు నాలుగు వచ్చేదాకా మీటలు నొక్కి సరిచేస్తారు. ‘సరిగ్గా ఉంది. నార్మల్. ఇక రండి’ అంటారు. అప్పుడు మేం వరసలో. అక్కని ముట్టుకోవడానికి లేదు, పక్కన కూర్చోడానికి లేదు. ‘నీకేదైనా అంటితే ఇంటందరి లెక్కా తప్పిపోతుంది’ అనేవారు. బాగానే ఉంది. మరి గుమ్మం దగ్గరికి వెళ్ళి పాలూ కూరలూ ఎవరు తీసుకోవాలి? ఎప్పుడూ ఏమీ కాని మనిషెవరో వాళ్ళే. ఇందులో ఏదో తేడా ఉందని ఇంత పెద్ద ఇంట్లో ఒక్క బుర్రకీ తట్టలేదు చూడు.

ఆ పాలు మాడిన మంగళవారానికి ముందు శనివారం పొద్దున వరసలో నిలబడ్డాం. అత్తగారికి తొంభై ఆరున్నర. మీ తాతయ్యకి తొంభై ఏడు. నాకు తొంభై ఏడు. అందరికీ కాస్త తగ్గింది. అక్కకి మాత్రం నార్మల్, ఉండదూ మరి, ఆ అంకె ఆయన పెట్టిందేగా. ఆదివారం ఇంకొంచెం తగ్గింది. సోమవారం ఇంకాస్త. ఇంట్లో జ్వరమొస్తుందేమోనని భయపడుతూ కూర్చున్న మనిషికి, ఇల్లంతా చల్లబడిపోతుంటే ఎలా ఉంటుంది చెప్పు. ఫోన్ తీశారు, వెతికారు. దొరకనే దొరికింది. మనుషుల ఒంటివేడి పూర్వం కంటే తగ్గుతూ వస్తోందని ఎవరో పాత లెక్కలూ కొత్త లెక్కలూ పక్కపక్కన పెట్టి తేల్చారట. బావగారి మొహం చూడాలి! ‘వాళ్ళకి తరాలు పట్టింది కనిపెట్టడానికి. మన హాల్లో మూడ్రోజుల్లో బయటపడింది!’ మీ తాతయ్య, ‘అయితే అన్నయ్యా, వచ్చేవారానికి గడ్డకట్టేస్తామా?’ అన్నారు. ‘వేళాకోళం కాదురా. ఇది చలిరకం కరోనా అయ్యుండచ్చు. ఇంకా ఎవరూ రాయలేదు దీని గురించి’ అన్నారు. ఆ రాయలేదు అనే మాట అన్నప్పుడు ఆయన గొంతులో దిగులు సగమే, తల్లీ. మిగతా సగం ఏంటో నేను వేరే చెప్పక్కర్లేదు. బయట ఉక్క. గోడలు కూడా చెమట పడుతున్నట్టుండేది. అందులో ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు, టోపీలు, కాళ్ళకి సాక్సులు. ఫాన్లు బంద్. గంటగంటకీ వేడినీళ్ళు. మీ నాన్న టై మీద స్వెట్టరేసుకుని మీటింగులో కూర్చుంటే, అవతల వాళ్ళ పెద్దసారు, ‘మీరు ఏ దేశంలో ఉన్నారండీ?’ అని అడిగాట్ట.

మరి ఆ స్వెట్టర్లు అటక మీంచి ఎవరు దించారు? ఆ వేడినీళ్ళు ఎవరు కాచారు? అక్కే. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నది ఆవిడొక్కతేగా! స్టూలెక్కి పెట్టెలు దించింది, దులిపింది, గుండీ ఊడినదానికి గుండీ కుట్టింది. గ్లాసులు పట్టుకుని గదిగదికీ తిరిగింది. మధ్యలో గోడ పట్టుకుని ఆగేది. సోమవారం సాయంత్రం అనుకుంటా, బావగారితో, ‘ఏమండీ, నాక్కూడా చలేస్తోంది’ అంది. ఆయన తుపాకీ తీసి గురిపెట్టి, ‘నీకు చలెందుకేస్తుంది? తొంభై ఎనిమిది పాయింటు నాలుగు పక్కాగా ఉంది. మమ్మల్ని చూసి చూసి నీకూ అలా అనిపిస్తోంది. అనుకోకు, తగ్గిపోతుంది’ అన్నారు. మరి పొద్దున సరిచేసిన పరికరం, సాయంత్రానికి కూడా ఆ జ్వరం అక్కడే ఉంటే అదే అంకె చూపిస్తుంది, ఇంకేం చూపిస్తుంది! అక్క సరేనని లోపలికి వచ్చేసింది. నాతో, ‘కాసేపు పడుకుందామా అనిపిస్తోందే. కానీ నార్మల్ అని చూపిస్తుంటే పడుకుంటే ఏం బాగుంటుంది? మీరందరూ అలా ఉంటే నాటకాలాడుతున్నాననుకుంటారు’ అంది. అని, మా అత్తగారికి వేడినీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టడానికి వెళ్ళింది.

మళ్ళీ మంగళవారానికొద్దాం. పాలు మాడాయి. మాడితే ఏం, ఎవరింట్లో మాడవు అని గిన్నె నానబెట్టి నా దారిన నేనొచ్చేశాను. అత్తగారు మాత్రం మంచం మీంచి గొడవ మొదలుపెట్టారు. ‘అది వంటింట్లో ఉండగా పాలు మాడటమేంట్రా? ఎప్పుడైనా జరిగిందా? దానికి ఏదో అయింది, ఒకసారి చూడండర్రా.’ బావగారు పట్టించుకునే స్థితిలో లేరు. ఆ పొద్దున మా లెక్కలు తొంభై ఐదుకి దిగాయి. ఇక దాచుకోవడం లాభం లేదని, మాకు అలవాటైన డాక్టరుగారికి వీడియోలో ఫోన్ చేశారు. పాపం ఆ డాక్టరు తిండీ నిద్రా లేక, కళ్ళ కింద సంచులు వేలాడుతూ ఉన్నాడు. ఈయన స్వెట్టరు సర్దుకుని, సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టారు. ‘డాక్టరుగారూ, మేం ఒక కొత్త విషయం గమనించాం.’ అవతలాయన, ‘ఎవరికైనా జ్వరమా, దగ్గా, త్వరగా చెప్పండి’ అన్నాడు. ‘జ్వరం కాదండీ, దానికి వ్యతిరేకం. మా ఇల్లు చల్లబడుతోంది.’ డాక్టరు కళ్ళు ఆర్పకుండా చూశాడు. ఫోన్ ఆగిపోయిందేమోనని బావగారు దాన్ని దులిపారు కూడా. మొత్తం విన్నాక ఆయన, ‘అయ్యా, ఇంటిల్లిపాదీ ఒకేసారి చల్లబడరండీ. మీ థర్మామీటరు పాడైంది. పారేసి ఇంకోటి కొనుక్కోండి’ అన్నాడు.

అంతే! పాడైందా? ఆయన చేతిలో ఉన్న పరికరమా? బావగారి మెడ మీద నరం ఉబ్బింది. ఆ గొంతు నాకింకా చెవుల్లో ఉంది. ‘డాక్టరుగారూ, మీ పని మీకు తెలిసినట్టే నా పని నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కాటాలు చూస్తున్నాను. పరికరం పాడైతే ఒకచోట ఎక్కువ చూపిస్తుంది, ఒకచోట తక్కువ చూపిస్తుంది, ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. ఇది అందరికీ సమానంగా తగ్గించి చూపిస్తోంది, వెంట్రుకవాసి తేడా లేదు. బజారులో సరుకంతా ఒక్కరోజే, ఒకేలా, తక్కువ తూగిందనుకోండి. అప్పుడు తప్పు సరుకులో లేనట్టే. కాటాలోనూ లేనట్టే. తప్పు ఎక్కడుంటుందంటే, రాయి…’

అక్కడ ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది. ‘చెప్పండి, వినిపిస్తోంది’ అంటున్నాడు డాక్టరు. బావగారు ఫోన్ బల్ల మీద పెట్టేశారు, అందులోంచి డాక్టరు మా ఇంటి పైకప్పుని చూస్తూ, ‘హలో, హలో’ అంటున్నాడు. రాయి బరువు తగ్గితే సరుకు ఎక్కువ తూగుతుంది. రాయి బరువెక్కితే సరుకంతా తేలిపోతుంది. ఆ సంగతి ఆయన పళ్ళబండి వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పుంటారో! లేచి వంటింటి వైపు నడిచారు. తుపాకీ తీసుకోలేదు. అక్క మాడిన గిన్నె ముందేసుకుని తోముతోంది. రెండు బారల దూరంలో ఆగిపోయారు, అలవాటు కదా. ఆ తర్వాత దగ్గరికి వెళ్ళి ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. అక్క సిగ్గుపడిపోయి, ‘ఏంటండీ ఇది, పిల్లలందరూ ఉండగా’ అని చేతిని పక్కకి తోసింది. బావగారు ఆ చేతిని అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డారు, వేడి గిన్నె దించినవాళ్ళు పట్టుకుంటారే, అలా.

ఆ తర్వాతంతా పరుగులే. మందుల షాపాయన గుమ్మంలో గీత అవతల నిలబడి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే, వేలికి పెట్టే క్లిప్పు విసిరాడు. అక్క వేలికి పెట్టాం. అందులో ఎంత వచ్చిందో డాక్టరుకి చదివి వినిపిస్తే, అంతసేపూ విసుక్కుంటున్న మనిషి చాలా మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడే నాకు అర్థమైంది. ‘బండి పంపిస్తున్నాను. ఆవిణ్ణి నడిపించకండి’ అన్నాడు. బండి వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూట్లు, మొహానికి అద్దాలు, ఇద్దరు. అంతరిక్షంలో నడిచేవాళ్ళని ఒక్కసారైనా ఎదురుగా చూడాలని బావగారికి ఎంత కోరికో. అచ్చం అలాంటివాళ్ళే సుద్దగీత దాటుకుని మా హాల్లోకి నడిచొచ్చారు. ఆయన వాళ్ళకేసి చూడనేలేదు. మేం స్వెట్టర్లు ఎప్పుడు విప్పేశామో తెలీదు, ఎక్కడివక్కడ కుర్చీల మీద పడున్నాయి. అక్కకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఎవరు చెప్తారు? చెప్పే నోరెవరికుంది? బావగారు, ‘ఊరికే పరీక్ష చేసి పంపించేస్తారు’ అన్నారు. ‘నాకెందుకండీ? చల్లబడింది వీళ్ళకైతే, నన్ను తీసుకెళ్తారేంటి?’ అని ఆ సూట్లవాళ్ళతో కూడా వాదించింది. తోడు ఎవర్నీ రానివ్వమన్నారు. గుమ్మంలో నిలబడి, మా చేతులు బోసిగా ఉండటం చూసి, కోప్పడింది. ‘ఎవరు తియ్యమన్నారర్రా అవి? నేనిటు వెళ్తే మీరటు మొదలెట్టారా? వేసుకోండి. ముఖ్యంగా నువ్వు, కడుపుతో ఉన్నదానివి’ అని మీ అమ్మకి వేలు చూపించింది. అదే ఆవిడ ఆ గుమ్మంలో నిలబడటం. మళ్ళీ లేదు. సరే, ఆ సంగతి పొడిగించను.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ ఫోన్ చేసింది. ‘పెద్దావిడ మిమ్మల్ని చూస్తానంటున్నారు. వీడియో చేస్తాను, అందరూ ఒకచోట ఉండండి, ఎక్కువసేపు కుదరదు’ అంది. బావగారు కుర్చీ మీదున్న స్వెట్టరు తీసి తొడుక్కున్నారు. గుండీలన్నీ పెట్టుకున్నారు, మెడ దాకా. ఆయన్ని చూసి మీ తాతయ్య తొడుక్కున్నారు, ఆ ఒక్కసారే, ఏ వేళాకోళమూ ఆడకుండా. మీ నాన్న, నేను. మీ అమ్మ టోపీ కూడా పెట్టుకుంది. అత్తగారు, ‘నా శాలువా ఏదే?’ అన్నారు. ఆ ఉక్కలో అందరం హాల్లో వరసగా కూర్చున్నాం. ఫోన్ వెలిగింది. అక్క మొహం సగం మాస్కులోనే ఉంది, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కొక్కళ్ళ మీదా ఆగుతూ వెళ్ళాయి. ఏదో అంది. మాకు గాలి చప్పుడే వినిపించింది. నర్సమ్మ ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి విని, ‘ఇవాళ ఎంతుంది అని అడుగుతున్నారండీ, అందరికీ’ అంది.

కళ్ళతో చూడని తూకం జన్మలో ఎప్పుడూ పైకి చెప్పని మనిషి. ‘నార్మల్’ అన్నారు బావగారు. ‘అందరికీ నార్మల్‌కి వచ్చేసింది. వేడినీళ్ళు తాగుతూనే ఉన్నాం.’ అక్క తల ఊపింది. మళ్ళీ ఏదో అంది. ‘అయినా సరే స్వెట్టర్లు ఇప్పుడే తియ్యొద్దంటున్నారు’ అని నర్సమ్మ చెప్తూండగానే ఫోన్ ఆగిపోయింది.

మేం అలాగే కూర్చున్నాం. వీపులు తడిసి ముద్దవుతున్నాయి. మీ నాన్న పై గుండీ ఒకటి తియ్యబోతే అత్తగారు కసిరారు. ‘ఉండనీరా. మళ్ళీ చేస్తుందేమో.’

మధ్యాహ్నం దాకా ఒక్కరం కూడా తియ్యలేదు.